పదిహేడేళ్ల సంతకం: నోటు చెల్లదు సరే, బాకీ ఎవరి మీద పడుతుంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చేతి అప్పుకు ఇప్పటికీ పెద్ద ఆధారం ప్రామిసరీ నోటే. రెవెన్యూ స్టాంపు అతికించి, దాని మీద సంతకం పెట్టించి, ఇద్దరు సాక్షుల చేత కూడా చేయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. వడ్డీ నూటికి రెండు రూపాయలా, మూడా అని బేరం సాగుతుంది గానీ, తీసుకునేవాడికి పద్దెనిమిది నిండాయా అని అడిగేవాళ్లు తక్కువ. మనిషి ఎత్తుగా ఉన్నాడు, మీసం వచ్చింది, బండి నడుపుతున్నాడు, అంతే చాలు. తండ్రి పోయిన ఇంట్లోనైతే ఇంటర్ చదివే కొడుకే ఇంటి పెద్దగా సంతకం పెట్టాల్సి వస్తుంది.

మైనరు రాసిన నోటు చెల్లదన్న మాట చాలామంది విన్నదే. విన్నాక దాన్ని ఎవరికి వారు తమకు అనుకూలంగా మలుచుకుంటారు. అప్పిచ్చినవారు, కుర్రాడికి పద్దెనిమిది నిండాక నోటు తిరగరాయించుకుంటే సరిపోతుందనుకుంటారు. కుర్రాడి వైపువాళ్లు, చెల్లదు గనుక ఎవరూ రూపాయి కట్టనక్కర్లేదనుకుంటారు. రెండూ పొరపాటే. మైనరు సంతకం మైనరును కట్టేయదు, అది నిజం. కానీ ఆ బాకీ అంతటితో మాయం కాదు. పక్కన సంతకం పెట్టిన పెద్దవాళ్ల మీదికో, మైనరు పేరున ఉన్న ఆస్తి మీదికో, అతని చేతిలో ఇంకా మిగిలి ఉన్న వస్తువు మీదికో మళ్లుతుంది. అందుకే ఒప్పందం చెల్లుతుందా అన్నదాని కన్నా, అది ఎవరిని, ఎంతవరకు కట్టేస్తుందన్నది చూసుకోవాలి.

మూలం 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఉంది. మేజరై, మతిస్థిమితం ఉండి, వేరే చట్టం ఏదీ అనర్హుడిగా చేయనివాడే ఒప్పందానికి అర్హుడని 11వ సెక్షన్ చెబుతుంది. మేజరు ఎప్పుడవుతాడన్నది 1875 మెజారిటీ చట్టం తేలుస్తుంది. పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కించి, పద్దెనిమిదో పుట్టినరోజు మొదలవగానే మేజరు. కోర్టు గార్డియన్‌ను నియమించిన పిల్లలకు ఒకప్పుడు ఇరవై ఒక్కటి నిండాలని ఉండేది. 1999 సవరణతో ఆ తేడా పోయింది. ముందురోజు సాయంత్రం పెట్టిన సంతకం మైనరు సంతకమే, తెల్లవారి పెట్టింది మేజరు సంతకం. పెళ్లయిందా, సంపాదిస్తున్నాడా, తెలివైనవాడా అన్నవి ఈ లెక్కలోకి రావు.

ఆ 11వ సెక్షన్ అర్హత గురించి చెప్పింది గానీ, అర్హత లేనివాడు సంతకం పెడితే ఏమవుతుందో విడమరచి చెప్పలేదు. ఆ ఒప్పందం మొదటి నుంచీ శూన్యమా, లేక మైనరు కావాలంటే రద్దు చేసుకోగలిగేదా? ఈ సందేహం తీర్చింది 1903లో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, ఇచ్చిన మొహరీ బీబీ తీర్పు. 1895 జూలైలో కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు తన ఇళ్లను 20,000 రూపాయలకు బ్రహ్మదత్ అనే వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టాడు. (బ్రహ్మదత్ పోయాక అతని తరఫున అప్పీలు నడిపినవారిలో ఒకరు మొహరీ బీబీ.) తాను మేజరునని కాగితం కూడా రాసిచ్చాడు. అయితే అతను మైనరన్న సంగతి వ్యాపారి తరఫున వ్యవహారం నడిపిన అటార్నీకి ముందే తెలుసు, తల్లి తరఫు నుంచి నోటీసు కూడా వెళ్లింది. తాకట్టు రద్దు చేయమని మైనరు తరఫున తల్లి దావా వేసింది. మైనరు ఒప్పందం అసలు ఒప్పందమే కాదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నిజంగా ఇచ్చిన సొమ్మయినా తిప్పి ఇప్పించమంటే, మైనరని తెలిసి ఇచ్చినవారికి ఆ వెసులుబాటు లేదంది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన కోర్టుల్లో ఈ విషయం మీద వాదన ఆ తీర్పుతోనే మొదలవుతుంది.

ఈ విషయంలో గట్టిగా పట్టుకోవలసింది, వయసు గురించి మైనరు అబద్ధం చెప్పినా అతని నోరు మూతపడదన్న సంగతి. నేను మేజరునని రాసిచ్చి తర్వాత కాదంటే ఎలా అని అప్పిచ్చినవారు అడగలేరు. వయసు కనుక్కోవలసిన బరువంతా చట్టం పెద్దవాడి మీదే పెట్టింది. ఇది అన్యాయంగా అనిపించవచ్చు. కానీ అబద్ధం చెప్పినంత మాత్రాన సంతకం చెల్లుతుందంటే, ప్రతి నోటులోనూ నేను మేజరును అన్న ఒక వాక్యం రాయించుకుంటే చాలు, పిల్లలకున్న రక్షణ ఆ రోజే పోతుంది.

ఇక నోటు తిరగరాయడం. ఈ ప్రాంతంలో నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు కాలపరిమితి మూడేళ్లు. మూడేళ్లు నిండేలోపు కొంత కట్టించి చెల్లు వేయించుకోవడమో, అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకోవడమో అందరికీ తెలిసిన పద్ధతి. పదిహేడేళ్లప్పుడు రాసిన నోటు ఇరవైకి తిరగరాతకు వస్తుంది. అప్పుడు కుర్రాడు మేజరు. కొత్త సంతకం చెల్లుతుందని ఇద్దరూ అనుకుంటారు.

చట్టం అలా అనదు. లేని ఒప్పందాన్ని తర్వాత ఆమోదించడం కుదరదు. మేజరయ్యాక రాసిన కొత్త నోటుకు కొత్తగా ముట్టిన ప్రతిఫలం, అంటే సంతకానికి బదులుగా అందిన సొమ్మో, వస్తువో, ఉండాలి. మైనరుగా ఉన్నప్పుడు తీసుకున్న సొమ్ము అందుకు పనికిరాదు. మద్రాసు హైకోర్టు 1906లో ఇంద్రాన్ రామస్వామి కేసులో ఇదే చెప్పింది. మైనరుగా ఉండగా రాసిన నోటుకు బదులుగా మేజరయ్యాక రాసిన నోటు ప్రతిఫలం లేక చెల్లలేదు. 1928లో అలహాబాద్ హైకోర్టు కూడా అదే దారి పట్టింది. తిరగరాసేటప్పుడు కొత్తగా సొమ్ము ఇస్తే సంగతి వేరు. ఆ కొత్త సొమ్ముకు అతను పూర్తిగా బాధ్యుడు.

అయితే రుజువు దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. ప్రామిసరీ నోటు మీద సంతకం ఒప్పుకుంటే ప్రతిఫలం ముట్టిందనే కోర్టు మొదట భావిస్తుంది. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అలా భావించమంటుంది. ముట్టలేదని చూపాల్సిన బరువు సంతకం పెట్టినవాడిదే. పైగా ఇక్కడ నోటు ఎలా రాస్తారు? "ఈ దినం నా కుటుంబ అవసరాల నిమిత్తం మీ వద్ద నగదుగా పుచ్చుకున్న మొత్తం" అని రాస్తారు. పాత బాకీ మాట ఎక్కడా ఉండదు. పాత నోటు అక్కడికక్కడే చించేస్తారు. మైనరుగా ఉన్నప్పటి అప్పు అని చూపే ఒకే ఒక్క కాగితం అలా పోతుంది. చట్టం ఇచ్చిన రక్షణ చట్టంలోనే ఉండిపోతుంది, కోర్టులో చూపడానికి ఏమీ ఉండదు.

కాబట్టి నోటు తిరగరాయక తప్పని చోట, పాత నోటును చింపకుండా రద్దు చేసినట్లు దాని మీదే రాయించి వెనక్కి తీసుకోవాలి. కొత్త నోటులో ఇది ఫలానా తేదీ నోటు తాలూకు బాకీ అని స్పష్టంగా రాయించాలి. అప్పిచ్చినవారికీ ఇందులో నష్టం లేదు, నిజంగా కొత్త సొమ్ము ఇచ్చి ఉంటే అది ఎంతో కూడా అందులోనే రాసుకోవచ్చు.

మైనరుతో పాటు మామో, అన్నో కలిసి సంతకం పెట్టిన నోటు సంగతేమిటి? మైనరు పక్కకు తప్పుకుంటాడు. కలిసి అప్పు తీసుకున్నట్లుగా సంతకం పెట్టిన పెద్దవాడు మాత్రం మొత్తం బాకీకి బాధ్యుడవుతాడు, సగానికి కాదు. సాక్షిగా మాత్రమే సంతకం పెట్టినవాడికి బాధ్యత లేదు. అందుకే సంతకం ఏ వరుసలో పెట్టారన్నది చూసుకోవాలి. హామీదారుగా సంతకం పెట్టినవాడి విషయంలో హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. మైనరు బాకీ చెల్లకపోయినా హామీదారు కట్టాల్సిందేనని బొంబాయి తీర్పు ఉంది. అసలు బాకీయే లేనప్పుడు దానికి హామీ ఎక్కడిదన్న మద్రాసు తీర్పూ ఉంది. హామీ కాగితంలో వాక్యాలు ఎలా ఉన్నాయన్న దాని మీద చాలా ఆధారపడుతుంది.

కొడుకు చేసిన అప్పుకు తండ్రి బాధ్యుడా? తండ్రి అన్న ఒక్క కారణంతో కాదు. ఊళ్లో పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి తండ్రిచేత ఒప్పించడం జరుగుతుంటుంది. అలా ఒప్పుకుని తన పేరున కొత్త నోటు రాస్తే తండ్రి తనంతట తాను మెడ అందులో పెట్టినట్లే. ఇందులో చిన్న మెలిక ఉంది. తండ్రే పంపితే పిల్లవాడు అంగడికి వెళ్లి సరుకులు ఖాతాలో రాయించి తెచ్చాడనుకుందాం. ఆ బాకీ తండ్రిదే. మైనరు ఇంకొకరి ఏజెంటుగా పని చేయవచ్చని ఒప్పందాల చట్టం 184వ సెక్షన్ అంటుంది. అప్పుడు పంపినవాడు కట్టుబడతాడు, వెళ్లిన పిల్లవాడు కాదు.

చెల్లదు గనుక ఏమీ కట్టనక్కర్లేదన్న ధీమాకు చట్టంలోనే రెండు చోట్ల గండి ఉంది. మొదటిది ఒప్పందాల చట్టంలోని 68వ సెక్షన్. మైనరుకు అతని జీవనస్థితికి తగిన అవసరాలు ఎవరైనా సమకూరిస్తే, ఆ ఖర్చును అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు. అతని ఆస్తి నుంచే, అతని నుంచి కాదు. ఆస్తి లేకపోతే వచ్చేదేమీ లేదు, రేపటి జీతం మీద దీన్ని రుద్దలేరు. తిండి, బట్ట, వైద్యం, చదువు అవసరాల కిందికి వస్తాయన్నది తెలిసినదే. మైనరు చెల్లెలి పెళ్లికి ఇచ్చిన అప్పును కూడా అలహాబాద్ హైకోర్టు 1910లో అవసరంగా లెక్కించింది. వస్తువు ఉపయోగపడేదైతే సరిపోదు, అమ్మిన నాటికి అతని దగ్గర అది చాలినంత లేకుండా ఉండాలి. ఇంగ్లండులో 1908లో నాష్, ఇన్‌మన్ కేసులో కేంబ్రిడ్జి విద్యార్థికి పదకొండు ఖరీదైన వెయిస్ట్‌కోట్లు అమ్మిన దర్జీ ఓడిపోయింది ఇందుకే. అతని దగ్గర అప్పటికే కావలసినన్ని బట్టలున్నాయి. ఈ కొలత ఇప్పటి ఫోన్లకు సరిగ్గా సరిపోతుంది. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న మామూలు ఫోను అవసరమని వాదించవచ్చు. ఒక ఫోను ఉండగా నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న లక్ష రూపాయల ఫోను అవసరమని ఒప్పించడం కష్టం.

రెండోది 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 33వ సెక్షన్. మైనరు కోర్టుకెళ్లి ఒప్పందం రద్దు చేయమని అడిగితే, తాను పొందినది తిరిగి ఇమ్మని కోర్టు షరతు పెట్టగలదు. తన మీద దావా పడినప్పుడు మైనరునని చెప్పి తప్పించుకున్నా, తనకుగానీ తన ఆస్తికిగానీ ఒనగూడిన లాభం మేరకు వాపసు చేయమని చెప్పగలదు. ఈ రెండో తెరువు 1903 తీర్పు నాటికి లేదు. పదిహేడేళ్లవాడు తల్లి గొలుసు తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చాడనుకుంటే, తాకట్టు చెల్లదు, గొలుసు తిరిగి రావాల్సిందే. కానీ ఆ సొమ్ముతో కొన్న బండి ఇంటి ముందుంటే, దాని మాటేమిటని కోర్టు అడగగలదు. సొమ్ము తినేసి, తిరిగేసి ఖర్చయిపోతే తిరిగి రాబట్టడం దాదాపు జరగని పని. ఇందుకే చిన్న ఫైనాన్సు సంస్థలు కూడా బండిని తండ్రి పేరునో, అన్న పేరునో రాయించుకోవడానికి చూస్తాయి.

చదువు అప్పు విషయం వేరేగా చూడాలి. ఇంటర్ అయ్యేసరికి చాలామందికి పదిహేడే. ఒంగోలు నుంచి, కావలి నుంచి చెన్నైకో, బెంగళూరుకో బీటెక్‌కు వెళ్లే పిల్లవాడు బ్యాంకులో అప్పుకు కూర్చునేది ఆ వయసులోనే. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం తల్లిదండ్రులు సహరుణగ్రహీతలుగా సంతకం పెడతారు. విద్యార్థి మైనరైతే తల్లో తండ్రో పత్రాలు రాసిస్తారు, మేజరయ్యాక విద్యార్థి చేత ఆమోదపత్రం తీసుకుంటారు. మైనరు ఒప్పందాన్ని తర్వాత ఆమోదించడం కుదరదన్న పాత తీర్పులతో పక్కన పెట్టి చూస్తే ఆ ఆమోదపత్రానికి పెద్ద బలం కనిపించదు. బ్యాంకును కాపాడేవి రెండు. ఒకటి, మొదటి రోజు నుంచీ తండ్రి సంతకం చెల్లుతుంది. రెండు, ఫీజు ఏడాదికేడాది విడుదలవుతుంది గనుక, రెండో ఏడాది నుంచి సొమ్మంతా మేజరుకు ఇచ్చినట్టే అవుతుంది. చదివేది పిల్లవాడే కాబట్టి అప్పు కూడా వాడిదేనని తండ్రి అనుకుంటే ఇబ్బంది పడతాడు. ఈ సంగతి బ్యాంకు కౌంటరు దగ్గరే చెప్పాలి. తర్వాత నోటీసు వచ్చినప్పుడు కాదు.

పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ ఆదేశాల్లోనూ చెప్పింది. ఆ ఖాతాలో బాకీ మాత్రం పడకూడదు, ఎప్పుడూ నిల్వ ఉండాల్సిందే. పిల్లలు సొమ్ము దాచుకోవచ్చు, అప్పు పడకూడదు. మిగతా చట్టాల మొగ్గు కూడా ఇటే. మైనరు చెక్కు రాస్తే 1881 చట్టం 26వ సెక్షన్ ప్రకారం మిగతావాళ్లందరూ కట్టుబడతారు, మైనరు తప్ప. 1932 భాగస్వామ్య చట్టం కింద భాగస్వాములందరూ ఒప్పుకుంటే అతనికి లాభంలో వాటా ఇవ్వవచ్చు, నష్టం అతని సొంత ఆస్తిని తాకదు. కానీ మేజరైన ఆరు నెలల్లో, లేదా తనకు వాటా ఉందని తెలిసిన ఆరు నెలల్లో, ఏది తర్వాత అయితే అప్పటిలోగా, తాను కొనసాగేదీ లేనిదీ బహిరంగ ప్రకటనతో తేల్చకపోతే పూర్తి భాగస్వామి అయిపోతాడు. ఇంట్లో ఎరువుల దుకాణమో, గ్రానైటు పాలిషింగు యూనిటో ఉన్న కుటుంబాలు ఆ ఆరు నెలల గడువు చూసుకోవాలి.

ఇప్పుడు భూమి. ఇక్కడ పొరపాటు జరిగితే కొన్నవాడు ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిద్రపోలేడు. మైనరు స్వయంగా అమ్మితే రిజిస్ట్రేషను దగ్గరే ఆగాలి, మైనరుగా కనిపించే వ్యక్తి రాసిన దస్తావేజును సబ్‌ రిజిస్ట్రారు తిరస్కరించాలి. చిక్కంతా గార్డియన్ సంతకంతో వస్తుంది. తండ్రి స్వార్జితం నాలుగెకరాలు, తండ్రి పోయాడు, భార్య, ఇద్దరు మైనరు పిల్లలు వారసులు అనుకుందాం. ముగ్గురికీ ఎవరి వాటా వారిది. అప్పులు తీర్చడానికి తల్లి మొత్తం అమ్మేసింది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం పిల్లల వాటా అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా కోర్టు ముందస్తు అనుమతి కావాలి. భూమి నెల్లూరు జిల్లాలో ఉంటే నెల్లూరు జిల్లా కోర్టుకు, ప్రకాశంలో ఉంటే ఒంగోలుకు వెళ్లాలి. తప్పనిసరి అవసరమో, పిల్లలకు స్పష్టమైన మేలో ఉందని చూపితేనే అనుమతి వస్తుంది. మైనరు కొడుకు తరఫున తల్లి నోటు రాసినా ఆ బాకీ కొడుకును వ్యక్తిగతంగా కట్టేయదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

అంతకు ముందు పరిస్థితి వేరు. తండ్రి అప్పులు తీర్చడానికి గార్డియన్‌గా తల్లి చేసిన భూమి ఒప్పందానికి మైనరు కట్టుబడాల్సిందేనని 1948లో శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావు కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. శ్రీకాకుళం అన్నది అక్కడ ఇంటిపేరు. ఇప్పటికీ ఊళ్లలో తల్లి సంతకం చాలుగా అన్న నమ్మకం ఆ కాలం నాటిదే. పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి అయితే ఈ 8వ సెక్షన్ వర్తించదు, కుటుంబ అవసరాల కోసం కర్త, అంటే ఉమ్మడి కుటుంబ పెద్ద, అమ్మితే మైనరు వాటా కూడా పోతుంది. ముస్లిం కుటుంబాల్లో నియమం ఇంకా కఠినం. పిల్లల ఆస్తికి తల్లి చట్టరీత్యా గార్డియన్ కాదు, కోర్టు నియమించకుండా ఆమె అమ్మితే ఆ అమ్మకం శూన్యమని 1918లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చింది.

అమ్మకాలే కాదు, కౌళ్లు కూడా ఇంతే. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు భూమి తీసుకునేవాళ్లు తవ్వకానికి, మోటార్లకు పెట్టుబడి పెడతారు గనుక ఎక్కువ ఏళ్లకు కౌలు అడుగుతారు. మైనరు భూమిని కోర్టు అనుమతి లేకుండా అయిదేళ్లకు మించి కౌలుకు ఇవ్వకూడదు, అతను మేజరైన తర్వాత ఏడాదికి మించి కౌలు సాగకూడదు. పదేళ్ల పిల్లవాడి భూమికి అయిదేళ్లు. పదహారేళ్లు నిండినవాడి భూమికి మూడేళ్లే. ఏడేళ్ల కౌలు కాగితం చేతిలో పెట్టుకుని గుంట తవ్వినవాడిని, యజమాని మేజరయ్యాక కాదు పొమ్మనగలడు.

8వ సెక్షన్ కింద అనుమతి లేని అమ్మకం దానంతట అదే చెల్లకుండా పోదు, మైనరు దాన్ని ఒప్పుకోనంటేనే పోతుంది. 1963 కాలపరిమితి చట్టం 60వ అధికరణం ప్రకారం మేజరైన మూడేళ్లలోపు, అంటే ఇరవై ఒక్కటి నిండేలోగా దావా వేయాలి. దావాయే వేయాలా అన్నదాని మీద సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో కె.ఎస్. శివప్ప కేసులో కొత్త స్పష్టత ఇచ్చింది. మేజరైనవారు ఆ గడువులో అదే భూమిని తామే వేరొకరికి అమ్మడం లాంటి స్పష్టమైన చర్యతో కూడా పాత అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చు, ప్రత్యేకంగా దావా అవసరం లేదంది. కొనేవాళ్లకు దీనితో జాగ్రత్త పెరగాలి. ఎవరూ దావా వేయలేదు గనుక భయం లేదనుకోవడానికి ఇక వీల్లేదు. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆ భూమి తాలూకు పాత దస్తావేజుల్లో, మైనరు తరఫున ఎవరైనా సంతకం పెట్టి ఉంటే, ఆ పిల్లవాడి పుట్టిన తేదీ, కోర్టు అనుమతి నంబరు రెండూ అడగాలి.

వయసు రుజువుకు పదో తరగతి సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ ముఖ్యం. ఆధార్ కార్డు గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో అంది. మైనరు నోటు మీద ఎవరైనా దావా వేస్తే, చెల్లని నోటే కదా అని సమన్లు పక్కన పడేయకూడదు. దావాలో వయసు పంతొమ్మిదని రాసేస్తే, ఎవరూ హాజరుకాకపోతే, కోర్టుకు అతను మైనరని తెలిసే దారి లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఇటువైపు మాట వినకుండానే ఇచ్చే తీర్పు, వచ్చేస్తుంది, జప్తు దాకా వెళ్తుంది. గార్డియన్ లేకుండా మైనరు మీద తెచ్చుకున్న డిక్రీ నిలవదు, కానీ అది నిలవదని చెప్పించుకోవడానికి మళ్లీ అదే కోర్టు చుట్టూ తిరగాలి. మొదటి వాయిదాకే పదో తరగతి సర్టిఫికెట్‌తో వెళ్లి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు కింద గార్డియన్‌ను నియమించమని దరఖాస్తు పెట్టాలి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, పిల్లలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.